గృహిణీ లేఖావళి: అత్తగారి స్నానపుగది



ఈ మాసమున వచ్చిన జాబులలో నొకటి మా మనస్సును మిక్కిలి కలఁచినది. ఒక సోదరి యిట్లు వ్రాసినది:

"మా యత్తగారికి డెబ్బదియాఱేండ్లు. మోకాళ్లు వంగవు. మరుగుదొడ్డిలో గొంతుకూర్చుండలేక రెండుమారులు పడిరి. ఇప్పుడు ప్రొద్దుగ్రుంకిన పిదప మంచినీళ్లు ముట్టుటలేదు. అడిగినచో 'దాహము లేదమ్మా' యనుచున్నారు. కారణము నాకుఁ దెలియును. గది మార్పించుటకు మావారి సంపాదన చాలదు. సర్కారు సాయ మడుగుట పరువుతక్కువ యని యింటివారి తలంపు. నే నేమి చేయుదును?"

అమ్మా, నీవు కనిపెట్టిన సంగతి ప్రతి గృహిణియుఁ గనిపెట్టవలసినది. పెద్దవారు నీళ్లు మానుట నియమమువలనఁ గాదు, భయమువలన. నీళ్లు చాలనిచో మలబద్ధకము, మూత్రవ్యాధులు, తలతిరుగుడు కలుగును. తల తిరిగినవారు మరలఁ బడుదురు. కావున పడుదునను భయమే పడుటకుఁ గారణమగుచున్నది.

ఇఁక పరువు మాట. ప్రజలు కట్టిన పన్నులసొమ్ముతో వృద్ధులకొఱ కేర్పఱచిన సాయము బిచ్చము గాదు. దానిని తీసికొనుటలోఁ దలవంపు లేదు. అత్తగారు నేలపైఁ బడియుండఁగా చూచుటయే తలవంపు.

కేంద్ర ప్రభుత్వమువారు 2017లో "రాష్ట్రీయ వయోశ్రీ యోజన" యను పథకము నారంభించిరి. ఆ యారంభము మన నెల్లూరులోనే జరిగినది. అఱువదియేండ్లు నిండి, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికిఁగాని, నెలకు రూ.15,000 మించని యాదాయము గలవారికిఁగాని ఉపకరణములు ఉచితముగా నిత్తురు. చేతికఱ్ఱలు, వాకరులు, చక్రాల కుర్చీలే గాక, కమోడు కుర్చీలును తరువాత నీ పట్టికలోఁ జేరినవి. కానుపూరులోని అలింకో సంస్థవారు శిబిరములు పెట్టి, మొదట పరీక్షించి, పిమ్మట వస్తువుల నిత్తురు. ఒక సంవత్సరము మరమ్మతు నుచితమే. ప్రతి జిల్లాలోను లబ్ధిదారులలో సాధ్యమైనంతవఱకు నూటికి ముప్పదిమంది స్త్రీలుండవలెనని నియమము గలదు.

ఆధారు కార్డు, వయస్సునకు ఋజువు, రేషను కార్డు లేదా ఆదాయ ధ్రువపత్రము సిద్ధముచేసికొని, జిల్లాలోని వయోవృద్ధుల సంక్షేమ కార్యాలయమున శిబిర మెప్పుడో విచారింపుము. కదలలేని స్థితియైనచో 14567 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. అది వృద్ధులకొఱకే యేర్పడినది, రుసుము లేదు.

అయితే యొక సంగతి మఱవరాదు. ఈ పథకము వస్తువునిచ్చును గాని, గోడ పగులగొట్టి గది మార్చుటకు సొమ్మునీయదు. 2014లో నారంభమైన స్వచ్ఛభారతము క్రింద నిచ్చిన రూ.12,000 సైతము దొడ్డి లేనివారు క్రొత్తగాఁ గట్టుకొనుటకే గాని, ఉన్నదానిని మార్చుటకు గాదు. కనుక మిగిలిన పని యింటిలోనే సమకూర్చుకొనవలెను.

అది మీరు భయపడునంత పెద్దపని గాదు. గది నంతను మార్పింపనక్కఱలేదు. కూర్చుండు పీఠము నేలనుండి సుమారు పదునెనిమిదంగుళముల యెత్తున నుండవలెను. దాని ప్రక్కగోడకు గట్టి కడ్డీ నొకదానిని తాపీమేస్త్రిచే లోఁతుగా బిగింపించుము. తువాలు వేయు కడ్డీ మనిషిబరువు నాఁపదు. తలుపు వెలుపలికిఁ దెఱచుకొనవలెను. లోపలికిఁ దెఱచునదైనచో, పడినవారే దాని కడ్డమగుదురు. మంచమునుండి గదివఱకు రాత్రి దీపముండవలెను. నేలపై నీరు నిలువరాదు.

ఈ పనికి మేస్త్రిచేత ముందుగా కాగితముపై లెక్క వ్రాయించుకొని, దానిని నీ బావగార్లకు, మఱఁదులకు, ఆడుబిడ్డలకుఁ జూపుము. ఊరక సాయమడిగినచోఁ బలుకనివారు, లెక్క చూచినచో తమ వంతు తెలిసికొందురు. 2007నాఁటి తల్లిదండ్రుల పోషణ చట్టము కొడుకులపైనేగాక కూఁతుళ్లపైనను సమానముగా భారముంచినది. అన్నవస్త్రములతోపాటు నివాసమును వైద్యమును పోషణలోనివే యని చెప్పినది. ఎవ్వరును ముందునకు రానిచో అత్తగారు ఆ చట్టము క్రింది ట్రిబ్యునలునకు మనవిచేసికొనవచ్చును. కాని యింటి తలుపులన్నియు మూసికొన్న పిమ్మటనే యాతలుపు తట్టవలెను.

చివరిమాట. ఈ యేర్పాటులను అత్తగారియెదుట ఖర్చులెక్కగాఁ జెప్పకుము. "నా మోకాళ్లును రేపు నొచ్చునవేగదా, అత్తయ్యా! ఇది మనయిద్దఱికిని" అని చెప్పుము. ఆమె మరల రాత్రి చెంబుతో నీళ్లడిగిననాఁడు నీ పని నెఱవేఱినట్లు. ఆ కబురు మాకు తప్పక వ్రాయుము.