బైపీసీ పిల్లల తల్లిదండ్రులకు విజ్ఞప్తి

నీట్ ఫలితాలు రాగానే చాలా ఇళ్ళలో ఒకటే చర్చ: సీటొస్తుందా, మళ్ళీ లాంగ్ టర్మ్‌కి పంపాలా? రెండోసారి, మూడోసారి ఫీజు కట్టే ముందు మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగండి. రోగికి వైద్యం చేయాలనుందా, ఆ రోగం ఎందుకొస్తోందో కనిపెట్టాలనుందా? రెండోదే అయితే దానికీ చదువుంది, జీవితముంది. అది సీటు రానివాళ్ళు సరిపెట్టుకునే పని కాదు.

బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, తమ ఎదుటే మింగించే డీఈసీ మాత్ర మీకు తెలిసే ఉంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల్లోంచే ఆ మందు వచ్చింది. ఆయన అన్నగారు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే ప్రయోగశాలలో తయారుచేసింది. ఇవాళ గర్భిణులకు ఐరన్ మాత్రలో కలిపి ఇచ్చేది అదే. మద్రాసులో వైద్యం చదివిన ఆ మనిషి ప్రాక్టీసు పెట్టుకుని ఉంటే ఎంతమందికి మందిచ్చేవారు?

చేయాల్సిన పని మన గుమ్మం ముందే ఉంది. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. ఏజెన్సీ గూడేల్లో సికిల్ సెల్ పిల్లలను పీడిస్తోంది.

కష్టం కూడా చెప్పాలి. ప్రయోగశాలలో కణాలను 37 డిగ్రీల వేడి ఉండే పెట్టెలో పెంచుతారు. రెండు మూడు రోజులకోసారి వాటి ఆహారద్రవం మార్చాలి. పండగైనా, ఆదివారమైనా తప్పదు. కాస్త ఏమరితే బూజు పట్టి వారాల శ్రమ పారబోయాల్సి వస్తుంది. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు పడుతుంది. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరే. అదీ ఒక్కోసారి ఆలస్యమవుతుంది. ఆ ఏళ్ళలో బిడ్డ ఇంటికొచ్చినప్పుడల్లా "ఇంకా చదువేనా, సెటిలయ్యేదెప్పుడు?" అని దయచేసి అడగొద్దు. ముఖ్యంగా ఆడపిల్లను సంబంధం కుదిరిందని పరిశోధన మధ్యలో ఆపించకండి. చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఇంటర్ కాగానే తిరుపతి ఐసర్‌కు ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ఊళ్ళోనే బీఎస్సీ చేసి, జామ్ ప్రవేశ పరీక్ష రాసి మంచి సంస్థలో ఎమ్మెస్సీ చేరొచ్చు. ఆ తర్వాత జేఆర్‌ఎఫ్ కోసం సీఎస్‌ఐఆర్ నెట్ ఉంది.

లైఫ్ సైన్సెస్ అధ్యాపకులకూ ఒక విన్నపం. ప్రాక్టికల్స్‌ను రికార్డు దిద్దడంతో సరిపెట్టకండి. ఉల్లివేరు కొనకు రంగు పట్టించి, నలిపి, విడిపోతున్న క్రోమోజోములను ప్రతి విద్యార్థీ తన కంటితో చూసేదాకా మైక్రోస్కోపు దగ్గర ఉండనివ్వండి.

హైదరాబాద్ సీసీఎంబీ సెప్టెంబరు చివర్లో విద్యార్థులకు తన ప్రయోగశాలలు చూపిస్తుంటుంది. ఈసారి మీ పిల్లలను తీసుకెళ్ళండి. మీరూ లోపలికెళ్ళి, అక్కడి పరిశోధక విద్యార్థులను మీ సందేహాలన్నీ అడగండి. జీతం గురించీ, పెళ్ళి గురించీ కూడా.