ఆవు చేసే ఇంటర్వ్యూ

బ్రిటన్‌లో పశువైద్యం చదవాలంటే చాలా కళాశాలల్లో మార్కులతోపాటు ఇంటర్వ్యూలో కూడా నెగ్గాలి. నిటారుగా కూర్చోవాలి, అడిగినవారి ముఖం చూసి జవాబు చెప్పాలి, తెలియనిది తెలియదనాలి.

మనకు ప్రవేశపరీక్ష ర్యాంకే ఆధారం కనుక ఇవన్నీ అనవసరమనుకుంటున్నారా? నేనొప్పుకోను. మనల్ని ఆవు ఇంటర్వ్యూ చేస్తుంది! దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుచేత దానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనుక మాత్రం కనిపించదు. అటునుంచి హఠాత్తుగా వెళ్తే బెదిరి తన్నుతుంది. పిలుస్తూ, పక్కనుంచి, నెమ్మదిగా దాని భుజంవైపు వెళ్ళాలి.

అన్నిటికన్నా ముఖ్యం నిజాయితీ. నోరులేని జీవి తన బాధ చెప్పుకోలేదు. తెలియకపోయినా తెలిసినట్లు నటించి మందిస్తే పోయేది దాని ప్రాణమే.

రేపు తరగతిలో తెలియని ప్రశ్న వస్తే తల దించుకోకండి. "తెలియదండీ, తెలుసుకుని చెబుతాను" అనండి. అభ్యాసం అక్కడే మొదలు.