అంబాసిడర్‌కు మోకాళ్ల నొప్పి

పాత అంబాసిడర్ గుంతలో పడితే ముందు ‘టక్’మని శబ్దం వస్తుంది. యజమాని దాన్ని వయసు ఖాతాలో రాసేసుకుంటాడు. ఆరు నెలలకు ఆ టక్ రెండు టక్కులవుతుంది, స్టీరింగ్ ఓ పక్కకు లాగుతుంది, ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. అప్పుడు కూడా చాలామంది టైర్లు మారుస్తారు తప్ప వాటిని తినేస్తున్న భాగం జోలికి పోరు.

ఇటీవలి సంవత్సరాల్లో ఆ భాగం జోలికి పోతున్నవారు కొందరున్నారు. వీళ్లలో మెకానిక్కులు తక్కువ. బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఆదివారాలు ఇంటి ముందు కారును స్టాండ్ల మీదికెత్తి, ముందు సస్పెన్షన్‌ను ముక్కముక్కగా విప్పి మళ్లీ బిగిస్తున్నారు. సరదా ఒక కారణం. అవసరం అంతకన్నా పెద్దది. ఉత్తరపరాలోని హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో 2014 మేలో అంబాసిడర్ ఉత్పత్తి ఆగిపోయింది. కంపెనీ సర్వీసు సెంటర్ అన్న మాటే లేకుండాపోయింది. ఈ కారు కింద పడుకుని పెరిగిన మేస్త్రీలు ఒక్కొక్కరే షెడ్డు మూసేస్తున్నారు. వాళ్ల దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ల చేతిలో ఇప్పుడు స్కానర్ ఉంది. అంబాసిడర్‌కు దాన్ని తగిలించడానికి చోటే లేదు.

ఈ సస్పెన్షన్ పుట్టింది ఇంగ్లండులో. అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. దీని ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు ఉండవు. వాటి పని టార్షన్ బార్ చేస్తుంది. కారు పొడవునా ఫ్లోరు కింద సాగే ఉక్కు కడ్డీ ఇది. ముందు కొన కింది ఆర్మ్‌కు, వెనక కొన ఛాసిస్‌కు పట్టి ఉంటాయి. చక్రం గుంతెక్కి దిగినప్పుడల్లా ఈ కడ్డీ తడిగుడ్డ పిండినట్టు మెలిపడి, తిరిగి యథాస్థితికి వస్తుంది. ఎడ్లబండి బాటల్లో కూడా అంబాసిడర్ నెగ్గుకొచ్చిందంటే అందులో ఈ కడ్డీ వాటా చాలానే ఉంది.

బలహీనత మరోచోట ఉంది. చక్రాన్ని నిలబెట్టే నిలువు పిన్ను పైనా కిందా మరలతో ట్రనియన్ అనే ముక్కల్లో కూర్చుంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరలు కొద్దికొద్దిగా తిరుగుతాయి. వాటికి నిపుల్ ద్వారా గ్రీజు అందుతున్నంత కాలం చింత లేదు. అందకపోతే ఉక్కుతో ఉక్కు రాసుకుని మర అరుగుతుంది. పూర్తిగా అరిగిన రోజున పిన్ను ట్రనియన్‌లోంచి ఊడి వస్తుంది, చక్రం పక్కకు మడత పడుతుంది. ఇదే తరహా అమరిక ఉన్న మోరిస్ మైనర్‌కు బ్రిటన్‌లో ఈ చెడ్డపేరు దశాబ్దాలుగా ఉంది. అక్కడ ఆ కార్లు నడిపేవాళ్లు గ్రీజు గన్‌ను చేతికందేలా పెట్టుకోవడం చాదస్తం కాదు. సాధారణంగా ఈ ప్రమాదం స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా మలుపు తీసుకునేటప్పుడు జరుగుతుంది కాబట్టి ప్రాణాలు దక్కుతాయి. హైవే మీద జరిగితే దక్కుతాయన్న హామీ లేదు.

కాబట్టి విప్పడానికి ముందు పరీక్ష. చక్రాన్ని నేల నుంచి లేపి, గడియారంలో 12, 6 అంకెలుండే చోట రెండు చేతులతో పట్టి ఊపాలి. కదలిక ఉంటే మరొకరిని బ్రేకు తొక్కమనాలి. తొక్కగానే కదలిక పోతే తప్పు వీల్ బేరింగుది. పోకపోతే పిన్నుదో, ట్రనియన్‌దో. 3, 9 అంకెల దగ్గర ఊపితే వదులు తెలిసేది స్టీరింగ్ జాయింట్లలో. రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండానే ‘మొత్తం సెట్టు మార్చాలి సార్’ అనే షెడ్లు ఉన్నాయి. అసలేమీ మార్చకుండా గ్రీజు దట్టించి శబ్దాన్ని నెల రోజులు అణిచి పంపేవీ ఉన్నాయి. ఇంటి దగ్గర పని మొదలుపెట్టినవారిలో చాలామందిని అటు నెట్టింది ఈ రెండో రకం.

ఇంట్లో చేసే పనికి కొన్ని కచ్చితమైన నియమాలున్నాయి. జాకీ కారును ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే వద్దు. బరువుకు అవి ముందస్తు హెచ్చరిక లేకుండా పగులుతాయి. ఛాసిస్ కింద ఉక్కు స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు అడ్డుకట్టలు వేశాకే మనిషి కిందికి దూరాలి. చక్రం నట్లను కారు నేల మీదున్నప్పుడే కాస్త వదులు చేసుకోవాలి. రెండు వైపులా ఒకేసారి విప్పకూడదు. ఒక పక్క విప్పినదాన్ని తిరిగి ఎలా కూర్చాలో రెండో పక్కే చెబుతుంది. ఫోన్ కెమెరా వచ్చాక ఈ సూత్రాన్ని పక్కన పెట్టినవారు తర్వాత పశ్చాత్తాపపడుతూనే ఉన్నారు.

అసలు భయం టార్షన్ బార్‌తో. కారు స్టాండ్ల మీదున్నా అది పూర్తిగా విశ్రాంతిలోకి రాదు, కొంత మెలి దానిలో మిగిలే ఉంటుంది. కింది ఆర్మ్‌కు మరో జాకీ ఆనించి కొద్దిగా ఎత్తి, పై జాయింటు విడదీసి, ఆ జాకీని నిదానంగా దించుతూ మెలి మొత్తం వదిలించాలి. సుత్తితో కొట్టి ఊడదీస్తే ఆర్మ్ విసురుగా కిందికి వస్తుంది, చేయి విరగవచ్చు. పద్మినిలో చుట్ట స్ప్రింగు ఉంటుంది కాబట్టి అక్కడ ప్రమాదం ఇంకా ఎక్కువ. స్ప్రింగును అదిమి పట్టే పనిముట్టు లేనివాళ్లు ఆ బోల్టును ముట్టుకోకపోవడమే మేలు. బార్‌ను తీసేముందు ఏ పళ్లు ఏ గాడిలో ఉన్నాయో గుర్తు పెట్టుకోవాలి, కుడిది ఎడమకు వేయకూడదు. ఏళ్ల తరబడి ఒకే దిక్కు మెలికకు అలవాటు పడిన ఉక్కు అది. దాని మీద ఉలితో గీత పడినా మంచిది కాదు. పగులు మొదలయ్యేది అలాంటి గీత దగ్గరే.

ఇంతవరకూ ఓపికగా చేసినవాళ్లు కూడా చివర్లో ఒక పొరపాటు చేస్తారు. రబ్బరు బుష్‌లున్న బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగానే గట్టిగా బిగిస్తారు. కారు నేల మీదికి దిగగానే ఆర్మ్ పైకి లేస్తుంది, బుష్ శాశ్వతంగా మెలితిరిగి ఉండిపోతుంది. కొద్ది నెలల్లో చిరుగుతుంది. బుష్ నకిలీదని అమ్మినవాడిని తిట్టుకుంటారు. ఆ బోల్టులను చేతి బిగువుతో వదిలేసి, కారు బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి.

నకిలీ బెడద లేదని కాదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, కోల్‌కతా మల్లిక్ బజార్‌లోనో, ఢిల్లీ కశ్మీరీ గేట్‌లోనో వెతికితే ట్రనియన్లు, పిన్నులు దొరుకుతాయి. ఉక్కు నాణ్యత మాత్రం పెట్టె మీద పేరును బట్టి తెలియదు. కొత్త పిన్నును కొత్త ట్రనియన్‌లో చేత్తో తిప్పి చూడాలి. పట్టకుండా నున్నగా తిరగాలి, పక్కకు ఊగకూడదు. బుష్‌లైతే మంచి లేత్ పనివాడు గన్‌మెటల్‌తో తిప్పి ఇస్తాడు, చాలాసార్లు అంగడి సరుకు కన్నా మేలుగా. ఈ దేశంలో పాత కార్లు ఇంకా నడుస్తున్నాయంటే కంపెనీల దయ కన్నా ఈ లేత్ పనివాళ్ల దయే ఎక్కువ.

ఇంత శ్రమ ఫలితాన్ని ప్రభుత్వం ఎలా లెక్కిస్తుందన్నది వేరే కథ. ఢిల్లీలో 10 ఏళ్ల డీజిల్, 15 ఏళ్ల పెట్రోలు వాహనాలపై నిషేధాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది, 2025లో ఆ వివాదం మళ్లీ అదే కోర్టు మెట్లెక్కింది. దేశంలో మిగతాచోట్ల 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. 20 ఏళ్లు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో కొత్త మెట్టు చేర్చారు. పొగ విషయంలో ఈ కఠినత్వానికి అర్థముంది. పాత ఇంజిన్ కొత్తదానిలా మండదు. కానీ ఫీజు పట్టికకు తెలిసింది పుట్టినతేదీ ఒక్కటే. పిన్నులు మార్చి, బుష్‌లు వేసి, అలైన్‌మెంట్ చేయించిన 1985 కారూ, నిపుల్‌కు పదేళ్లుగా గ్రీజు ఎరగని 1985 కారూ దానికి సమానమే. సస్పెన్షన్, స్టీరింగ్ జాయింట్ల వదులును యంత్రాలతో పట్టుకునే ఆటోమేటెడ్ టెస్టింగ్ కేంద్రాలకు 2021లోనే నిబంధనలు వచ్చాయి. వయసుకు బదులు ఆ కొలతను నమ్మితే పాత కార్ల యజమానులు ఫీజు గురించి ఇంతగా గొణగరు. రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్లకూ అదే క్షేమం. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు కొంత నయం. ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లకు పెద్ద మార్పులు చేసి ఉండకూడదంటాయి. అరిగిన పిన్ను స్థానంలో అలాంటిదే వేసినవారికి ఇబ్బంది లేదు. పని తేలికవుతుందని మరో కారు ముందుభాగాన్ని కోసి అతికించినవారికి ఉంది.

బిగింపు పూర్తయ్యాక కారును మొదట వీధిలోనే నెమ్మదిగా తిప్పి, బ్రేకు గొట్టాలు చక్రం పూర్తిగా మలిచినప్పుడు దేనికీ రాసుకోవడం లేదని చూసుకోవాలి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ఆ షాపు కంప్యూటర్ జాబితాలో అంబాసిడర్ లేకపోతే పాత మాన్యువల్‌లోని కొలతలు కాగితం మీద రాసుకెళ్లి ఇవ్వాలి. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టుకూ మరోసారి పానా వేసి చూడాలి. గ్రీజు గన్ ప్రతి వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లకు.