తలనొప్పి గోలీలు ఆపేముందు ఒక్క మాట



సగం తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతి వచ్చినట్టు ఉండుడు, వెలుతురు చూడలేకపోవుడు. దీన్నే మైగ్రేన్ అంటారు, మనవాళ్లు పార్శ్వపు నొప్పి అంటారు. ఇది మాటిమాటికీ వచ్చేవాళ్లకు ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ వంటి గోలీలు రోజూ వేసుకోమని రాస్తారు. ఇవి లేచిన నొప్పిని తగ్గించేవి కావు, నొప్పి రాకుండా కాచేవి.

మనం ఏం చేస్తున్నాం? ఊరి నుంచి మూడు నెలల గోలీలు తెచ్చుకుంటాం. అవి అయిపోగానే ‘తగ్గింది కదా, పైసలు దండుగ’ అని ఆపేస్తాం. లేదంటే మళ్లీ వస్తదేమో అని భయపడి ఏండ్లకేండ్లు మింగుతాం. రెండూ తప్పే.

మందు పనిచేస్తే సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వాడించి, డాక్టరు మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. టోపిరమేట్ మీద 2007లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ఆరు నెలలు వాడి ఆపినవాళ్లకు నొప్పి వచ్చే రోజులు కొంత పెరిగాయి. అయినా మందు మొదలుపెట్టక ముందు ఉన్నంతగా పెరగలేదు. అంటే మందు చేసిన మేలు మరునాడే మాయం కాదు. అయితే అందరికీ ఒకే తీరుగా నిలవదు, కొందరు మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

ప్రొప్రనలాల్ మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. గుండెదడ వస్తుంది, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు. టోపిరమేట్ వాడేటోళ్లకు చెమట తగ్గి ఒళ్లు వేడెక్కవచ్చు, కిడ్నీలో రాళ్లు రావచ్చు. ఎండలో పనిచేసేటోళ్లు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలె, నీళ్లు బాగా తాగాలె.

ఆపినంక నొప్పి వస్తే పెనడాల్ మీద పెనడాల్ వేయకండి. నెలలో 15 రోజులు, అంతకన్నా ఎక్కువ వాడుతూ పోతే ఆ గోలీలే తలనొప్పి తెస్తాయి. నొప్పి వచ్చిన తారీఖులు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. డాక్టరుకు చూపించడానికి అంతకన్నా మంచి కాగితం లేదు. గోలీలు ఇంకా పది, పదిహేను రోజులకు ఉండగానే చీటీ, హెల్త్ కార్డు పట్టుకొని క్లినిక్‌కు పోండి.

చివరిగా క్యాంపు పెద్దలకు, ఫోర్‌మెన్ అన్నలకు ఒక మనవి. రూంల తమ్ముడు లైటు ఆర్పి ముసుగు తన్ని పడుకుంటే ‘నాటకం’ అనకండి. ఆ తలనొప్పితో పరంజా ఎక్కిస్తే పోయేది ఒక పూట కూలీ కాదు, ఒక ఇంటి దీపం.