రోబో ఆపరేషన్ మంచిదే, పేదవాని గుండెకు అందేదెలా?

రామతీర్థం: గుండె బలహీనపడిన రోగులకు సైతం రొమ్ము ఎముక కోయకుండా రోబో యంత్రంతో బైపాస్ ఆపరేషన్లు చేస్తున్నారన్న కబురు పట్నాలు దాటి పల్లెలకు చేరింది. వీడియోలు చూసినవారు "మన నాన్నకు కూడా అదే చేయిద్దాం" అంటున్నారు. మంచి వైద్యం కావాలనుకోవడంలో తప్పులేదు. అయితే ఆ పేరు విని పొలం బేరం పెట్టే ముందు అది ఏమిటో, ఎవరికి పనికివస్తుందో తెలుసుకోవడం అవసరం.

రోబో తనంతట తాను ఆపరేషన్ చేయదు. డాక్టరు కొద్ది దూరంలో యంత్రం ముందు కూర్చుని తెరమీద గుండెను పెద్దదిగా చూస్తూ చేతులు కదుపుతారు. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలగుండా లోపలకు వెళ్ళిన యంత్రపు చేతులు ఆ ప్రకారమే కదులుతాయి. రొమ్ము లోపలి రక్తనాళాన్ని విడదీసి, మూసుకుపోయిన గుండె నాళానికి అవతలి వైపున కలుపుతారు. అమెరికాలో రెనే ఫవలోరో అనే డాక్టరు 1967లో మొదలుపెట్టిన బైపాస్ సూత్రమే ఇది. మారినది లోపలకు వెళ్ళే దారి.

ఆ దారి మారడం కూలివానికి చిన్న విషయం కాదు. రొమ్ము ఎముక కోస్తే అది అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్ళూ బరువు ఎత్తరాదు. నాట్ల వేళ ఆపరేషన్ జరిగితే ఆ పంటకాలపు కూలి పోయినట్లే. రోబో పద్ధతిలో రక్తం తక్కువ పోతుంది, పుండు చీము పట్టే భయం తగ్గుతుంది, రోగి త్వరగా పనిలోకి వస్తాడు.

బలహీన గుండె సంగతి

ఆరోగ్యమైన గుండె ఒక్కొక్క కొట్టుకు తనలోని రక్తంలో నూటికి 55 నుంచి 70 పాళ్ళు బయటకు తోస్తుంది. ఎకో పరీక్షలో తెలిసే ఈ లెక్క 35కు పడిపోతే గుండె బాగా బలహీనపడినట్లు. అటువంటి 1,212 మంది రోగులపై 22 దేశాలలో ఒక పరీక్ష జరిపారు. 2016లో వెలువడిన పదేళ్ళ ఫలితాల ప్రకారం, మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 66 మంది, మందులతోపాటు బైపాస్ కూడా చేయించుకున్నవారిలో 59 మంది మరణించారు. అంటే ఆపరేషన్ వల్ల మేలు ఉన్నది. కాని మొదటి నెలలో ఆపరేషన్ అయినవారికే ప్రాణభయం ఎక్కువ. ఈ సంగతి రోగి బంధువులకు ముందే చెప్పాలి.

పైన చెప్పినది మామూలు బైపాస్ లెక్క. బలహీన గుండెలకు రోబో పద్ధతి ఇంకా మేలని తేల్చిన అంత పెద్ద పరీక్ష లేదు. రోబోతో చేసేటప్పుడు ఒక ఊపిరితిత్తిని కాసేపు ముడుచుకోనిచ్చి, ఛాతీలోకి వాయువు పంపుతారు. బలహీన గుండె ఆ ఒత్తిడికి తట్టుకోలేకపోవచ్చు. నాలుగైదు నాళాలు మూసుకుపోయినవారికి మామూలు ఆపరేషనే మేలు కావచ్చు. కాబట్టి "యంత్రం ఉందా?" అని అడిగితే చాలదు. "మా రోగికి ఇది తగునా? మీరు ఇటువంటివి ఎన్ని చేశారు?" అని కూడా డాక్టరుగారిని అడగాలి. అలా అడగడం అమర్యాద కాదు.

దూరం తగ్గింది, ఎవరికి?

మన దేశంలోనే తయారైన రోబోతో 2025 జనవరిలో గురుగ్రామ్‌లో కూర్చున్న డాక్టరు 286 కిలోమీటర్ల దూరాన జైపూర్‌లో ఉన్న రోగికి గుండె ఆపరేషన్ చేశారు. గర్వించదగిన విషయమే. మనకు విశాఖపట్నం అందులో నాలుగో వంతు దూరం. అయినా మన రోగికి ఆ దూరం దాటడమే గండం.

మన పల్లెల్లో గుండెనొప్పి వస్తే ముందు "గ్యాస్" అంటారు. సోడా తాగిస్తారు, మాత్ర మింగిస్తారు. తెల్లవారితే చూద్దామంటారు. ఆ రాత్రి గడిచేసరికి రక్తం అందని గుండె కండరం చచ్చిపోతుంది. బలహీన గుండెలు చాలా వరకు అలా తయారైనవే. బోడికొండ మెట్లు నిరుడు గబగబా ఎక్కిన మనిషి ఈ ఏడు పది మెట్లకే ఆయాసపడి కూర్చుంటే అది వయసు అని వదిలేయరాదు. కాళ్ళ వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం కూడా గుండె చేసే హెచ్చరికలే.

గుండెపోటు వచ్చినవారికి రక్తపు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్‌ను ప్రభుత్వాసుపత్రులలో ఉచితంగా ఇచ్చే స్టెమీ పథకం మన రాష్ట్రంలో 2023లో మొదలయింది. వేల రూపాయల ఖరీదైన మందు అది. నొప్పి మొదలైన తొలి గంటల్లో ఇస్తేనే పూర్తి ఫలితం. 108కు ఫోన్ చేసి ఈసీజీ తీయించుకుంటే, ఎందరికో రేపు రోబో అవసరమే రాకుండా పోతుంది.

చేయవలసినవి

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాలలో మన పొరుగు శ్రీకాకుళం ఒకటి. ఈనాడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం వల్లనే బైపాస్ పేదలకు అందింది. ఇక చేయవలసినవి మూడు ఉన్నవి.

మొదటిది, ఎకో యంత్రంతో డాక్టర్లు నెలకొకసారి మండల కేంద్రానికి రావాలి. శివరాత్రికీ శ్రీరామనవమికీ వేలమంది వచ్చే రామతీర్థంలో అటువంటి శిబిరం పెడితే నాలుగు మండలాలవారికి ఉపయోగం.

రెండవది, ఆపరేషన్ అయిన తరువాత జీవితాంతం వాడవలసిన మందులు ఊరి దగ్గరే నెలనెలా అందాలి. మందు మానేసిన గుండెకు ఎంత గొప్ప ఆపరేషన్ చేసినా వృథాయే.

మూడవది, రోబో బైపాస్ తగినదని డాక్టర్ల బృందం తేల్చిన పేద రోగికి, అనుభవమున్న చోట, ప్రభుత్వ ఖర్చుతో చేయించాలి. డబ్బున్నవానికి చిన్న రంధ్రం, లేనివానికి రొమ్ము కోత అన్నది న్యాయం కాదు.

రోబో రావాలి. అంతకుముందు ఎకో రావాలి, వేళకు అంబులెన్సు రావాలి. జిల్లా వైద్యాధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించవలసి ఉన్నది.