వృద్ధ కథకులు - మన కర్తవ్యము

ఒగ్గుకథా చక్రవర్తియని జనులు మెచ్చుకొనిన చుక్క సత్తయ్యగారు 2017 నవంబరు 9వ తేదీన కీర్తిశేషులైరి. 1935లో జన్మించిన ఆయన లింగాల ఘనపుర మండలమందలి మాణిక్యాపుర వాసి; అనగా మన స్టేషను ఘనపురమునకు పొరుగువారు. ఈ ప్రాంతమున మల్లన్న కథయో బీరప్ప కథయో విన్న పెద్దలు నేటికిని "ఆ గొంతు మరల రాదు" అని నిట్టూర్చుచుందురు. ఆ వెంటనే యెదుట నిలిచిన క్రొత్త కథకుని ఆయనతో పోల్చి పెదవి విరుతురు. ఆ దుఃఖము నిజమైనదే. కాని యీ పోలికవలన గతించినవారికి గౌరవమును లేదు, ఉన్నవానికి ఉత్సాహమును లేదు.

గాయకుని మనము ఒక్కనాటితో పోగొట్టుకొనుట లేదు. మొదట శ్రుతి దిగును. పిమ్మట ఊపిరి చాలదు. తుదకు కాలు నిలువదు. మనము విడిచిపెట్టునది అప్పుడే. మరణానంతరము చేయు సంతాపసభ చాల ఆలస్యముగా జరుగు మర్యాద. ఒగ్గుకథ ఒంటివాని విద్య కాదు. ప్రధాన కథకుడు, వంత పలుకువాడు, డోళ్లవారు, తాళములవారు కలసినగాని మేళము కాదు. పెద్దవాడు కూర్చుండి కథ నడుపుచుండగా యువకులు ఆడి పాడవచ్చును. వార్ధక్యమునకు ఆ కళలోనే చోటున్నది. లేనిది శ్రోతల మనస్సులందే.

మన చెంతనే పాలకుర్తి యున్నది. సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మొదలగువానిని పేర్కొనెను. పేళ్లు నిలిచినవి. నాడు వానిని పాడినవారెవరో యెరుగము. ఏ వరుసలో పాడిరో అంతకన్న నెరుగము. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందినను ఆయన కృతులు మనకు దక్కినవన్న, చెంత గూర్చుండి నేర్చి వ్రాసికొనిన శిష్యుల పుణ్యమే. పల్లెపాటకు అట్టి శిష్యులను సమకూర్చువారెవరు?

ఫోనులో పట్టియుంచితిమి గదా యని కొందరనవచ్చును. పట్టవలసినదే, కాని రాత్రుల తరబడి సాగు కథలో ఐదు నిమిషముల తునక యెంత? ఎచట కుదింపవలెనో, ఎచట సభను నవ్వింపవలెనో, నిద్రకు దూగు పిల్లలను ఏ మాటతో లేపవలెనో, ప్రక్కన గూర్చుండి నేర్చినవానికే తెలియును. యంత్రము దానిని వినును గాని నేర్వదు.

దుగ్గొండి మొగిలయ్యగారి సంగతి చూడుడు. భార్య కొమురమ్మగారితో గూడి ఆయన పాడిన పాట 2023లో "బలగము" చలనచిత్రము కడపట వచ్చి ఎందరినో యేడిపించినది. ఆ చిత్రమునకు ముందే ఆయన ఊరూర కథ చెప్పి జీవించినవాడు. మనకు తెలిసినది కడపటి యంకమున మాత్రమే. మూత్రపిండముల వ్యాధితో బాధపడి 2024 డిసెంబరు 19న కాలధర్మము నొందిరి. చికిత్సకు సాయపడినవారు ప్రశంసార్హులు. అయినను తెరపై కనబడని వృద్ధ కథకుని గతి యేమి?

దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ లభించినది. మిక్కిలి సంతోషము. కాని పూలదండ వాడిపోకముందే ఊరివారు మేళమునకు ఆట కట్టింపవలె గదా! బిరుదు వచ్చినవారితో ఫొటో దిగుటకు గుంపులు చేరును. తెల్లవారువరకు ఆట జూచుటకు నలుగురు నిలువరు.

పట్నము వేయించు భూస్వాములును, జాతర నడపు పట్టణపు పెద్దలును ఈ యేడు ఒక పని చేయవలెనని మా కోరిక. వృద్ధ కథకుని పిలుచునపుడు శిష్యునిగూడ పిలువుడు. ఇరువురకు సంభావన వేరువేరుగ ముందే నిర్ణయింపుడు. గురువునకు కూర్చుండ బల్లయు, త్రావ వేడినీరును సిద్ధముగ నుంచుడు. గంటలో ముగింపుమని తొందరపెట్టక, కథ పూర్తికి ఎన్ని రాత్రులు కావలెనో ఆయననే యడుగుడు.