యాత్రాస్థలములకిచ్చు సర్కారు సొమ్ము

మన హిమాయత్‌నగరు చౌరస్తాలో ఆదివారము ప్రొద్దున నిలిచినవారికి ఒక సంగతి తెలియకపోదు. నగరమునుండి వచ్చు బండ్లలో కొన్ని చిలుకూరు బాలాజీ దర్శనమునకు మరలును; తక్కినవి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా మఱ్ఱిచెట్ల నీడను సాగి, వికారాబాదు చేరి అనంతగిరి కొండలెక్కును. ఆరాధనకు పోవు పిల్లలు బాట దాటుటకు ఎంతోసేపు కాచుకొనవలసి వచ్చుచున్నది. ఆ అనంతగిరికి కేంద్ర ప్రభుత్వమువారు స్వదేశ్ దర్శన్ పథకపు రెండవ విడతలో 38 కోట్ల రూపాయలు మంజూరు చేసియున్నారు. మూసీనది పుట్టినది ఆ కొండలయందే. 1920లో పూర్తియైన మన గండిపేట చెఱువును నింపునది ఆ నీరే. కావున అచ్చట కట్టు ప్రతి గదియు, త్రవ్వు ప్రతి మురుగుగుంటయు మనకు సంబంధించినదే. దూరపు వార్తయని చదువరులు పుట త్రిప్పకుందురు గాక.

సొమ్మిచ్చుట తప్పని మేమనము. యాత్రికులు వచ్చినచో కొండప్రక్క గ్రామములవారికి నాలుగు వ్రేళ్లు నోటికి పోవును. అయితే ఇచ్చిన సొమ్ము ఏమైనదో చూచువారెవరు, ఎప్పుడు చూతురు? మేమడుగునది ఇదియే.

ఈ పథకము 2015 జనవరిలో ఆరంభమైనది. మొదటి విడతలో మన తెలంగాణమున మహబూబ్‌నగరు ప్రాంతమునకును, ములుగు, లక్నవరము, మేడారము, బొగత ప్రాంతమునకును, నగరములోని కుతుబ్‌షాహీ సమాధులు మొదలగు ప్రాచీన కట్టడములకును ధనము మంజూరైనది. దేశమంతట ఈ పథకము నడచిన తీరును కాగ్ అనబడు కంప్ట్రోలరు-ఆడిటరు జనరలువారు పరిశీలించి, 2022 మార్చి వఱకు జరిగినదానిపై వ్రాసిన నివేదిక 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుంచబడెను. అందలి మాటలు సామాన్యములు కావు. పథకము మొదలిడక పూర్వము సాధ్యాసాధ్యముల పరిశీలన జరుగలేదు. తొలుత తూచి నిర్ణయించిన 500 కోట్ల హద్దు దాటినను మంత్రివర్గపు సమ్మతి పొందలేదు. అయోధ్య పనులలో గుత్తేదారులకు 19.73 కోట్ల మేర అనుచిత లాభము కలిగెను. గోపురము కట్టబూనినవాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకొనవలెనను ఉపమానమును మన బాలురు ఆదివారపు బడిలోనే నేర్చుకొందురు. ఢిల్లీ కార్యాలయములలో దాని నెవరును జ్ఞప్తికి తెచ్చుకొన్నట్లు లేదు.

ఇంత నిర్భయముగా చెప్పగల సంస్థ మన రాజ్యాంగములో నుండుట మన భాగ్యము. కాని కాలమును చూడుడు. 2015లో ఒకటవ తరగతిలో చేరిన బాలుడు ఆ నివేదిక వెలువడునాటికి తొమ్మిదవ తరగతిలో నున్నాడు. పరీక్ష జరిగిన ఎనిమిదేండ్లకు తప్పులు దిద్ది యిచ్చు ఉపాధ్యాయుని ఏ తలిదండ్రులు మెచ్చుకొందురు?

మఱియొక చిక్కు కలదు. గ్రాంటు పొందినవారు ఆర్థిక సంవత్సరము ముగిసిన 12 నెలలలోగా వినియోగ ధ్రువపత్రము పంపవలెను. సొమ్ము మంజూరైన పనికే ఖర్చైనదని ఆ పత్రము చెప్పును. కట్టినది జనులకు అక్కఱకు వచ్చుచున్నదా యనుటకు ఖర్చు లెక్క చాలదు. మేమొకసారి బాలికలను ఒక జలాశయపు గట్టునకు విహారమునకు తీసికొనిపోయితిమి. స్థలము పేరు చెప్పము. అచ్చట సున్నపు తెలుపు వాడని మరుగుదొడ్ల గది యొకటి కలదు. తలుపునకు తాళము. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో తెలిసినవారు లేరు. గోడలోని శిలాఫలకము మాత్రము దినదినము తుడిచినట్లు మెఱయుచుండెను. గదికి నీళ్ల గొట్టము వేయనేలేదని చెట్టుక్రింద పల్లీలమ్ము ముసలమ్మ చెప్పినది. బాలికలను వెంటబెట్టుకొని అరమైలు నడచి, తెలియనివారి యింటి తలుపు తట్టితిమి. ఆ గది కాగితముమీద పూర్తియైన పనియే కావచ్చును. ఎవరును ఒక్క రూపాయి కాజేసియుండకపోవచ్చును. ఆ ముసలమ్మ నడిగిన అధికారి మాత్రము లేకపోయెను.

తనిఖీలు హెచ్చినచో పనులు సాగవనియు, సంతకము చేయుటకు అధికారులు జంకుదురనియు కొందఱందురు. అందు కొంత నిజము లేకపోలేదు. ఒకే దస్త్రమును నలుగురు చూచుటను మేమును కోరము. ఆ నలుగురిలో ఒక్కడు స్థలమునకు పోయి చూచిన చాలును.

ఈ రీతి మనకు క్రొత్తది కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము గ్రామసభచే తనిఖీ జరుగవలెనని విధించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2006 నుండియే సామాజిక తనిఖీ మొదలై, కూలీల లెక్కలు ఊరి నడుమ చదువబడెను. పనికి రానివాని పేరు చదివినచో ప్రక్కన కూర్చున్నవాడే లేచి చెప్పగలడు. ఢిల్లీనుండి వచ్చిన పరీక్షాధికారికి అది యెట్లు తెలియును?

అనంతగిరిలోను అట్లే కావలెను. ఎంత సొమ్ము, ఏ పనికి, ఎన్నాళ్లలో నను సంగతి తెలుగులో వ్రాసి పనిచోట బోర్డు నిలుపవలెను. మురుగునీరు ఎచ్చటికి పోవునో కూడ అందు వ్రాయవలెను. గండిపేట నీరు త్రాగువారికి అది యన్నిటికన్న ముఖ్యము. తలుపులు తెఱచిన యేడాదికి మరల వచ్చి చూడవలెను. కడపటి వాయిదా సొమ్ము విడుదల చేయుటకు ముందు ఆ లెక్కను కొండప్రక్క గ్రామసభలలో చదివించి, అచ్చటివారు చెప్పినదానిని దస్త్రములో చేర్చవలెను. ఇందుకు వేఱు చట్టము అక్కఱలేదు. మంజూరు ఉత్తరువులో నాలుగు పంక్తులు చాలును.